ఎనిమిదో డబ్బాలో కిరాయి గది

మా ఇంట్లో ఎవరి మనసులో ఏముందో తెలుసుకోవడానికి మొహాలు చూడాల్సిన పని లేదు. హాల్లో కూలర్ పక్కనున్న కంప్యూటర్ పెట్టి ఇంటర్నెట్ తెరిస్తే చాలు. కొత్త పేజీ రాగానే నడుమ వెతికే పట్టీ ఉంటుంది, దాని కింద రెండు వరుసల్లో ఎనిమిది చిన్న డబ్బాలు. మనం ఏ సైటుకు తరచుగా పోతామో కనిపెట్టి, ఎలాగూ అక్కడికే కదా పోయేది అని అది ముందే వడ్డించి పెడుతుంది. చాయ్ హోటల్‌వాడు మనం బల్ల మీద కూర్చోకముందే కట్ చాయ్ తెచ్చి పెట్టినట్టన్నమాట. మర్యాదే, కాదనను. కాకపోతే మనం రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతామో హోటల్‌వాడు మన ఇంటావిడకు చెప్పడు.

ఆ ఎనిమిదింటిలో మొదటిది తెలుగు వార్తలు. అది మామది, అంటే మా ఆవిడ తండ్రిది. రెండోది జాకెట్ల వెనక మెడల డిజైన్లు. మా ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మాది మహారాష్ట్రలోని చంద్రపూర్. మా బాబుపేటలో ఏ పెళ్లికి పోయినా సగం వీపులు మా కంప్యూటర్లోంచి వెళ్లినవే. మూడోది కరెంటు బిల్లు. నాలుగోది క్రికెట్ స్కోరు, నాది. కింది వరుసలో మొదటిది మా కాలేజీ సైటు. కాలేజీలో పనిచేస్తానంటే వినేవాళ్లు లెక్చరర్ అనుకుంటారు. నేను ఖండించను. నిజానికి లైబ్రరీలో పుస్తకాల మీద స్టాంపు వేస్తాను. ఆ సైటుతో నాకు పనేమీ ఉండదు, ఇంటికొచ్చినవాళ్లకు కనబడాలని అప్పుడప్పుడు తెరిచి మూస్తుంటాను. దాని పక్కది భజనలు, మళ్లీ మామది. ఏడోది జుట్టు రాలకుండా ఏం చేయాలో చెప్పే సైటు. అది ఎవరిదని ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎనిమిదోది మాత్రం ఏ కాలానికి ఆ కాలం మారుతుండేది: పెళ్లిళ్ల రోజుల్లో రైళ్ల వేళలు, మామిడికాయల రోజుల్లో ఎవరో ఒకావిడ చెప్పే తొక్కు కొలతలు.

మొన్న ఏప్రిల్‌లో ఒక పొద్దున స్కోరు చూద్దామని కూర్చుంటే ఆ ఎనిమిదో డబ్బాలో ఒక చిన్న ఇంటి బొమ్మ కనిపించింది. దాని కింద మరాఠీలో, ఘుగ్గుస్‌లో కిరాయికి గదులు అని రాసి ఉంది. ఘుగ్గుస్ మా ఊరి పక్కనే, బొగ్గు గనులూ సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊరు.

మా ఇల్లు సొంతిల్లు. మూడు గదులే, కానీ సొంతం. కిరాయి గది వెతుక్కోవాల్సిన అవసరం ఎవరికుందో నాకు వెంటనే తట్టలేదు. చదువుకున్నవాణ్ని కాబట్టి ముందుగా భార్యను అనుమానించాను. వారం కిందట ఆమె రెండు రోజులు కూర్చుని కుట్టిన జాకెట్‌ను చూపిస్తే "బానే ఉంది" అన్నాను. అప్పటినుంచి కూరలో ఉప్పు కొలత మారింది.

మూడు రోజులు నోరు మూసుకున్నాను. మూడో రోజు సాయంత్రం ఆమె కుట్టుమిషను ఆపి, సూదిలోకి దారం ఎక్కిస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఘుగ్గుస్ల ఎవలున్నరు నీకు?"

"నాకెవలుంటరు?"

"మరి గది ఎవలి కోసం చూస్తున్నవ్?"

"నేనా? నువ్వు చూస్తున్నవనుకున్న."

"నేనెందుకు పోత? పోయే కాలమొస్తే నిన్నే పంపిస్త."

ఇంత సులువైన సంగతి నాకు తట్టనందుకు కొంచెం సిగ్గేసింది. ఆమె కాదు, నేను కాదు. ఇద్దరి చూపూ ఒకేసారి లోపలి గది తలుపు మీదికి పోయింది. లోపల మామ మధ్యాహ్నం పట్టిన నిద్రలోనే ఇంకా గురక పెడుతున్నాడు.

మామ సాస్తి ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మోసే డంపర్ నడిపి రిటైరయ్యాడు. పెద్దపల్లి వైపు నుంచి ఇరవై ఆరేళ్లప్పుడు వచ్చి, నేల లోపలికి పోయే పని కాదు, ఆకాశం కనబడే గని అని చెబితే ఒప్పుకున్నాడట. క్వార్టర్ ఖాళీ చేసే నాటికి మా అత్తమ్మ లేదు. కొడుకులు ముందు నుంచీ లేరు. ఉన్నది ఒక్క బిడ్డ. కంటి ఆపరేషన్ పేరు చెప్పి పది రోజులకని మా ఇంటికి తీసుకొచ్చాం. రెండు ఎండాకాలాలు గడిచాయి. ఆ పది రోజులు ఇంకా పూర్తి కాలేదు.

బిడ్డ ఇంట్లో తండ్రి ఉండిపోవడం మావాళ్లలో కొంచెం ఇబ్బంది సంగతి. బిడ్డకు సంతానం కలిగేదాకా ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదనేవాళ్లు వెనకటివాళ్లు. మా అమ్మాయి పుట్టి పంతొమ్మిదేళ్లయింది, నాగ్‌పూర్ హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. కాబట్టి నీళ్ల విషయంలో అభ్యంతరం లేదు. ఉండే విషయంలో ఎన్ని రోజులని పెద్దవాళ్లు ఎక్కడా చెప్పిపోలేదు. అందుకని మామ తనకు తానే కొన్ని రూల్స్ పెట్టుకున్నాడు. చొక్కా కొక్కేనికి తగిలించడు, మడిచి సంచిలో పెట్టుకుంటాడు. పండక్కి మేము కొన్న పంచె కట్టుకుంటాడు కానీ "మీ ఇంట్ల" అనే మాట మాత్రం వదలడు. "మీ ఇంట్ల నల్లా కారుతుంది, చూస్తలేవేంది అల్లుడా" అంటాడు. చూడకపోతే తనే బాగుచేస్తాడు.

అత్తమ్మ పోయాక, మామ క్వార్టర్లో ఒంటరిగా ఉన్న రోజుల్లో మా ఆవిడ పొద్దున్నే లేచి ఫోన్ చేసేది. ఎత్తితే "ఏం లేదు బాపూ, ఊకెనే" అని పెట్టేసేది. ఎత్తకపోతే నా బనియన్ పట్టుకుని లేపేది. మామ మా ఇంటికి వచ్చాక ఆ ఫోన్ ఆగింది, నా బనియన్లు ఎక్కువ కాలం మన్నుతున్నాయి. నా లాభం ఇంకొకటి కూడా ఉంది. మా ఇంట్లో నా జోకులకు నవ్వే మనిషి మామ ఒక్కడే. కొన్నిటికి మరుసటి రోజు నవ్వుతాడు, అయినా నవ్వుతాడు. ఆ మనిషి ఘుగ్గుస్‌లో గది చూసుకుంటున్నాడంటే మా ఇంట్లో అది చిన్న వార్త కాదు.

"అడుగుతవా?" అన్నాను.

"ఏమని అడగాలె? పోతున్నవా బాపూ అని అడిగితే, పోతున్న బిడ్డా అంటడు. అన్నంక ఇగ ఆగడు." దారం పళ్లతో కొరికి తెంపింది. "నువ్వు ఆ డబ్బ తీసెయ్యి."

మా ఇంటి పద్ధతే అంత. ఏదైనా విషయం వస్తే, ఆ విషయం ఎవరిదో వాళ్లను తప్ప అందరినీ అడుగుతాం. డబ్బా తీసేస్తే మామ ఆగిపోతాడని మా ఆవిడ ఎందుకనుకుందో చెప్పాలంటే, ఆయనకు కంప్యూటర్ నేర్పింది నేనే కాబట్టి ఆ పాపం కూడా చెప్పుకోవాలి.

మామ తెలుగు నిదానంగా చదువుతాడు. మరాఠీ మాట్లాడతాడు కానీ చదవడం బోర్డుల వరకే. ఇంగ్లీషు డంపర్ మీద ఉన్నంత వచ్చు. అక్షరాలు చూపించి నేర్పబోతే రెండు రోజుల్లో ఇద్దరికీ విసుగొచ్చింది. మూడో రోజు ఆయనే ఆ రెండు వరుసల్నీ చూసి, "ఇవి బెంచీలు గదా" అన్నాడు. ఓపెన్‌కాస్ట్ గనిని మెట్లు మెట్లుగా తవ్వుతారు, ఒక్కో మెట్టును బెంచి అంటారు. అంతే, ఆ తర్వాత నేర్పడానికి ఏమీ మిగల్లేదు. పై బెంచి ఒకటో నంబరు వార్తలు. కింది బెంచి రెండో నంబరు భజనలు. పేర్లతో, బొమ్మలతో ఆయనకు నిమిత్తం లేదు. నంబరు చూసి నొక్కేవాడు, బండి తిన్నగా అక్కడికి పోయేది. ముప్పై నాలుగేళ్లు నడిపినా తన డంపర్‌కు ఒక్క గీత పడలేదని ఆయన ప్రతి పండక్కీ చెబుతాడు. మౌస్ పట్టుకున్నప్పుడూ అదే జాగ్రత్త. వెనక్కి రావాల్సి వస్తే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసేవాడు.

డబ్బాలు కాక ఆయనకు తెలిసిన ఇంకో దారి మైకు బొమ్మ. దాన్ని నొక్కి మాట్లాడితే వెతికిపెడుతుంది. కంప్యూటర్ కొన్నది చంద్రపూర్‌లో కాబట్టి దానికి మరాఠీయే వస్తుందని ఆయన నమ్మకం. ఆఫీసులో పెద్దసార్‌తో మాట్లాడినట్టు కొంచెం ముందుకు వంగి, "సాహెబ్, జరా భజన్ దాఖవా" అనేవాడు. సాహెబ్ చూపించేవాడు. ఘుగ్గుస్ గదులు కూడా మేమిద్దరం ఇంట్లో లేనప్పుడు సాహెబ్‌నే అడిగి ఉంటాడు.

సరే, తీసేశాను. ఆ పని ఎంత తేలికంటే, అంత తేలిగ్గా ఉండకూడదనిపిస్తుంది. బాణం గుర్తును డబ్బా మీదికి తెస్తే మూలన మూడు చుక్కలు కనబడతాయి. వాటిని నొక్కితే తీసెయ్యమంటారా అని ఉంటుంది. అనండి. డబ్బా మాయమవుతుంది. కింద ఒక నల్ల పట్టీ వచ్చి, పోనీ మళ్లీ పెట్టమంటారా అని కొద్ది క్షణాలు మర్యాదగా అడిగి వెళ్లిపోతుంది. నేను ఆ పట్టీ పోయేదాకా గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.

ఖాళీ మాత్రం ఉండదు. వెనక క్యూలో నిలబడ్డ తొమ్మిదోది ముందుకొచ్చి కూర్చుంటుంది. పెళ్లిళ్ల కాలం కదా, క్యూలో ఉన్నవన్నీ జాకెట్లే.

మర్నాడు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి కొత్త ఇంటి బొమ్మ, ఈసారి వేరే సైటుది. మామ మళ్లీ సాహెబ్‌ను అడిగాడన్నమాట. తీసేశాను. ఆ తర్వాత రోజు ఇంకొకటి. ఒకరోజు అది ఏకంగా పై వరుసలోకి ఎక్కి కూర్చుంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు రాని ప్రమోషన్ దానికి ఒక్క మధ్యాహ్నంలో వచ్చింది. తీసేశాను. ఇలా వారం నడిచింది. పగలు ఆయన తవ్వేవాడు, సాయంత్రం నేను పూడ్చేవాణ్ని. భోజనాల దగ్గర ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకునేవాళ్లం.

ఒకటి పైకెక్కితే తక్కినవి పక్కకు జరుగుతాయని, ఒకటి తీసేస్తే అన్నీ మళ్లీ కదులుతాయని నాకు తెలుసు. అది మామకు ఏం చేస్తుందో మాత్రం ఆలోచించలేదు. ఒక పొద్దున ఆయన స్నానం చేసి, విభూతి పెట్టుకుని, కింది బెంచి రెండో నంబరు నొక్కి, చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. భజన రాలేదు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా వరుసగా వీపులు. కంగారుగా తలుపు వైపు చూసి, నన్ను పిలిచాడు.

"అల్లుడా, జర ఇటు రా. బెంచి కూలింది."

"ఏమైంది మామా?"

"రెండో నంబర్ల దేవుడుండె. ఇప్పుడు జాకెట్లు వస్తున్నయ్. బిడ్డ సూస్తే ఏమనుకుంటది?"

వంటింట్లోంచి బిడ్డ, "అవి నాయే బాపూ, ఏమనుకోను" అంది. మామకు అది వినబడలేదో, వినబడలేదని అనుకోవడం మంచిదనిపించిందో.

ఆ సాయంత్రం ఈ తీసుడు పనికి ఒక ముగింపు ఉండాలని నిర్ణయించుకున్నాను. పేజీ కింది మూలన పెన్సిలు బొమ్మ ఉంటుంది. దాంట్లోకి పోతే అసలు ఈ డబ్బాలే కనబడకుండా చేసే మీట ఒకటి ఉంది. నొక్కాను. ఎనిమిదీ పోయాయి. తెల్లటి పేజీ, నడుమ పట్టీ. ఏడో డబ్బా కూడా పోయినందుకు నాకు లోలోపల సంతోషంగానే ఉంది, దాచను.

మర్నాడు పొద్దున మామ ఒక్కసారి కంప్యూటర్ తెరిచి, వెంటనే ఆపేసి లేచాడు. తర్వాత మూడు రోజులు దాని దగ్గరికి రాలేదు. గెలిచామనుకున్నాం. మా ఆవిడ పెసరట్లు పోసింది. మామ ఒక్కటి తిని చాలన్నాడు. ఎండలకు ఆకలి లేదన్నాడు. చంద్రపూర్ ఏప్రిల్‌లో ఆకలి లేదంటే ఎవరూ ఆరా తీయరు.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వస్తే గుమ్మంలోనే మా ఆవిడ నిలబడి ఉంది. చేతిలో మామ ఫోన్. ఆమె మార్కెట్‌కు పోయి వచ్చేలోపల మామ వెళ్లిపోయాడు. ఫోన్ చార్జింగ్‌లో వదిలేశాడు.

"పోయిండు," అంది. "ఘుగ్గుస్ పోయిండు. చెప్పకుంట పోయిండు."

నేను లోపలికి వెళ్లి చూశాను. గదిలో సంచి ఉంది. చొక్కాలు ఉన్నాయి. హాల్లోకి వచ్చాక చూస్తే, కంప్యూటర్ స్క్రీన్ ఉంది, కింద ఉండాల్సిన పెట్టె లేదు. వైర్లు మాత్రం శుభ్రంగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి పెట్టి ఉన్నాయి.

"పొయ్యేటోడు బట్టలు పట్టుకపోతడు గాని కంప్యూటర్ పట్టుకపోతడా?" అన్నాను.

"నీకిప్పుడు కూడ నవ్వులాటేనా!"

నిజానికి నేను నవ్వులాటకు అనలేదు. ఎదురింటి మరాఠీ ఆవిడ బట్టలు తీస్తూ మా గొడవ విని, ఆజోబా ఒక డబ్బాను తువ్వాలలో చుట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆటో ఎక్కాడని చెప్పింది. ఆజోబా అంటే తాత. ఎక్కడికని అడిగితే, "బిమార్ ఆహే" అన్నాడట. జబ్బు ఆయనకా, డబ్బాకా అని ఆవిడ అడగలేదు.

మా పేటలో కంప్యూటర్‌కు జబ్బు చేస్తే పోయే చోటు ఒకటే. బండి తీశాను. రిపేరు దుకాణంలో మామ ప్లాస్టిక్ స్టూలు మీద, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు. తువ్వాల ఒళ్లో మడిచి ఉంది. బల్ల మీద మా పెట్టె, దుకాణం వాళ్ల స్క్రీన్‌కు తగిలించి ఉంది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్న రిపేరాయన నన్ను చూడకుండానే మామకు మరాఠీలో వివరిస్తున్నాడు. పెట్టె ఏమీ పాడవలేదు, ఎవరో కావాలని సెట్టింగులోకి పోయి డబ్బాలు బంద్ చేశారు, ఇదిగో చూడండి అని మీట నొక్కాడు. ఎనిమిది డబ్బాలూ వచ్చేశాయి. ఏడోదానితో సహా.

"ముద్దామ్ కేలేలం దిస్తం," అన్నాడు రిపేరాయన. కావాలనే చేసినట్టుంది అని.

మామ మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. పెట్టెను మళ్లీ తువ్వాలలో చుట్టాడు.

నా బండి మీద పెట్టెను పెట్టుకుని కూర్చోవడం కుదరదని బండి దుకాణం దగ్గరే వదిలి, ఇద్దరం ఆటో ఎక్కాం. పెట్టె ఆయన ఒళ్లో. ఆటోవాడు ఏదో పాట పెట్టి, మా మొహాలు అద్దంలో చూసి తగ్గించాడు.

"నువ్వేనా తీసింది?"

"నేనే మామా."

"రోజు దీస్తున్నది గూడ నువ్వేనా?"

"ఆఁ. నేనే."

"ముప్పై నాలుగేండ్లల్ల గనిల ఒక్క వస్తువ పాడుజెయ్యలే. బిడ్డింట్ల మాత్రం రెండు వేళ్లతోని కంప్యూటర్ ఖరాబ్ జేసిననుకున్న. నాలుగు రోజుల సంది ముద్ద దిగుతలేదు. నువ్వేమో పక్కనే కూసొని ఎండలు బాగున్నయ్ మామా అంటున్నవ్."

"తప్పైంది మామా" అన్నాను.

"తీసుడు తప్పు గాదు. రోడ్డు మూసినప్పుడు బోర్డు పెట్టాలె. మా మైన్ల గదే రూలు. బోర్డు లేకుంట మూస్తే డంపరోడు సస్తడు."

"నువ్వు మాత్రం బోర్డు పెట్టినవా? ఘుగ్గుస్ల గది చూస్తున్నవని ఎవలికి చెప్పినవ్?"

ఆయన పెట్టె మీద లేని దుమ్ము తుడిచాడు.

"మనవరాలు సెలవులకు వస్తది గదా. దాని గదిల నేను పండుతున్న. పోయిన యాడాది పాపం హాల్ల పండింది. తాతా నువ్వే పండు అన్నది గాని, కూలర్ చప్పుడుకు దానికి నిద్రవోలే. నేను లేచి సూసిన. సదువుకునే పిల్ల. నేనెన్నడో పది రోజులకని వచ్చిన."

ఇంటికి చేరేసరికి మా ఆవిడ అరుగు మీదే కూర్చుని ఉంది. తండ్రిని చూసి ఏడవలేదు. పెట్టెను చూసి, "అన్నం తినకుంట దీన్ని మోసుకొని తిరుగుతున్నవా" అని కేకలేసింది. ఏడుపు కంటే అదే కొంచెం ఎక్కువసేపు సాగింది. నేను చెప్పాల్సింది చెప్పాక ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుని, అప్పటికప్పుడు అమ్మాయికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది.

"నేనా? నేను అయిదు రోజులే వస్త మమ్మీ. ఇక్కడనే ట్రైనింగు ఉన్నది. గ్రూపుల పెట్టిన గదా, ఎవలు చదవరా?" అంది అమ్మాయి. చదవలేదు. "అండ్ల గూడ రెండు రోజులు ఫ్రెండు పెండ్లికి వార్దా పోవాలె. గది తాతనే ఉంచుకోమను. తాత గురక ఏ గదిల పండినా ఇల్లంత వినవడ్తది, తలుపుతోని పనేం లేదు."

మామ నవ్వాడు, అదీ అప్పటికప్పుడే. మా ఆవిడ కూడా నవ్వింది. అంతా అయిపోయిందనుకున్నాను. వారం రోజుల యుద్ధం మూడు రోజుల గది కోసమని లెక్క తేలింది, ఇక భోజనాలు చేయొచ్చు.

మామ చేయి కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుంటూ, "అయితే ఐతారం పోయి సూసొస్త" అన్నాడు.

"ఏం చూసొస్తవ్?" అంది మా ఆవిడ.

"ఘుగ్గుస్ గది. ఫోన్ల మాట్లాడిన. వస్తనని మాటిచ్చిన. ఆమె మరొకలకు ఇయ్యకుంట ఆపి పెట్టింది."

"ఇగ గదెందుకు బాపూ?"

"సూసుడుకు ఏమైతది బిడ్డా," అన్నాడు. అన్నం కలుపుకోసాగాడు. అమ్మాయి సంగతి ఒక కారణమే కానీ, అదొక్కటే కారణం కాదని నాకప్పుడు తెలిసింది. మా ఆవిడకు నాకంటే ముందే తెలిసినట్టుంది. ఆ రాత్రి కూరలో ఉప్పు అసలే లేదు.

ఆదివారం పొద్దున ముగ్గురం ఘుగ్గుస్ బస్సెక్కాం. ఆయనొక్కణ్నే పంపేది లేదని మా ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుంది. నేను దారిలో వాడుకోవడానికి ఆ గది గురించి నాలుగైదు వ్యంగ్యాలు తయారుచేసుకున్నాను. కిటికీ తీస్తే బొగ్గు, మూస్తే సిమెంటు, అలాంటివి.

గది చూశాక అవేవీ పనికిరాలేదు. గది బాగుంది. ఇంటివెనక విడిగా కట్టిన గది, ఎత్తు కప్పు, కొత్త సున్నం, పక్కనే నల్లా. ఇంటామె అరవై దాటిన మరాఠీ మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కిటికీ ఉంది. దాంట్లోంచి చూస్తే బొగ్గు లారీలు పోయే రోడ్డు. మామ ఆ కిటికీ దగ్గర నిలబడ్డాడు. లారీలు ఒకదాని వెనక ఒకటి మలుపు తిరుగుతున్నాయి. "వీనికి గేరు మార్చుడు రాదు," అన్నాడు ఒకదాన్ని చూసి. ఇంకోదాన్ని చూసి, "వీడు నయం," అన్నాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు. ఆ వీపు చూస్తే నాకు భయమేసింది. మా ఇంటి కిటికీలోంచి ఎదురింటి బట్టలు తప్ప ఏమీ కనబడవు.

మా ఆవిడ గోడలు తట్టి చూసింది, నల్లా తిప్పి చూసింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. నా వైపు చూసింది. నా దగ్గర కూడా ఏమీ లేదు.

ఇంటామె మమ్మల్ని తన హాల్లో కూర్చోబెట్టి అటుకుల పోహా, చాయ్ తెచ్చింది. మేము ముగ్గురం ఒక వరుసలో, ఆమె ఎదురుగా. ఇస్త్రీ బట్టలు, చేతుల్లో ప్లేట్లు. ఇదెక్కడో చూసినట్టుందే అనుకుంటే, పెళ్లిచూపులు. గదే పెళ్లికూతురు.

"ఇక్కడ మీకు ఏ ఇబ్బందీ ఉండదు," అని మరాఠీలో చెప్పింది ఇంటామె. "పూర్తిగా శాంతి. నేను ఎవరి జోలికీ రాను. ఎప్పుడు లేచారు, ఏం తిన్నారు, ఎక్కడికి పోయారు, అడిగేవాళ్లే ఉండరు."

మామ చెంచా ఆపాడు. "ఎవలు అడగరా?" అన్నాడు తెలుగులో, తర్వాత గుర్తొచ్చి మరాఠీలో.

"ఎవరూ అడగరు," అంది ఆమె భరోసాగా. "మీకు ముందు ఉన్నాయన నాలుగేళ్లున్నాడు. మేము పది మాటలు మాట్లాడుకుని ఉండం."

మామ చాయ్ నిదానంగా తాగాడు. మా ఆవిడ తన ప్లేటు ముట్టలేదు. బయట ఏదో లారీ మలుపులో గేరు తప్పు వేసి మూలిగింది. ఆయన దాన్ని చూడటానికి మెడ తిప్పలేదు. కప్పు కింద పెట్టి, లేచి, ఇంటామెకు నమస్కారం పెట్టాడు.

"గది మస్తుగున్నదమ్మా," అన్నాడు మరాఠీలోనే. "ఇంటికి పోయి, మావోళ్లతోని మాట్లాడుకొని ఖబర్ చేస్తం."

పెళ్లిచూపులకు పోయినవాళ్లు ఆ మాట అన్నారంటే ఏమిటో గోదావరికి అటు పక్కా ఇటు పక్కా ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. మాట్లాడుకోవాల్సిన మావోళ్లం ఇద్దరం ఆయనకు చెరో పక్కనే కూర్చుని ఉన్నాం. ఇంటామె కూడా ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసిన మనిషట, ఏమీ అనుకోలేదు. "బరం", అంటే సరే, అని తలూపి ప్లేట్లు తీసింది. మా ఆవిడ ప్లేటు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. అప్పటిదాకా ముట్టని పోహాను మా ఆవిడ గబగబా తింటోంది.